అక్షరానికి పన్నెండు రూపాయలు

కందుకూరు నడిబొడ్డున, పోస్టాఫీసు సందు మొదట్లో
మున్సిపల్ మార్కెట్టు పిట్టగోడ మీద
నేను రాసిన పేరు పదిహేడు అక్షరాలు.
అక్షరానికి పన్నెండు రూపాయలు,
నీడ వేస్తే పదిహేను.
వేశాను.

ఒత్తులకు డబ్బులివ్వనన్నాడు గుమాస్తా కోటిలింగం.
అయ్యా, పనంతా ఒత్తుల్లోనే ఉంటుంది,
ఆయన ఇంటిపేరులోనే మూడున్నాయి చూడండి, అన్నాను.
నవ్వి టీ ఇప్పించాడు.
డబ్బులివ్వలేదు.

అప్పట్లో ఆ పేరు గలాయన బతికే ఉన్నాడు.
రిబ్బను కత్తిరించాక మెడ వెనక్కి వాల్చి
తన పేరు తనే చదువుకున్నాడు,
పెదాలు కదిలిస్తూ, ఒకటో తరగతి పిల్లాడిలా.
నిజం చెప్పాలంటే నాకు కోపం రాలేదు.
కింద మూలన నా పేరూ ఉంది మరి,
చిటికెన వేలంత: మాల్యాద్రి ఆర్ట్స్.

ఓట్లు తిరగబడ్డాయి. రెండో పేరు.
ఎవరిదో చెప్పను,
వాళ్ళ మనుషులు ఇంకా నా దగ్గరే బండి నంబర్లు రాయించుకుంటారు.
మళ్ళీ తిరగబడ్డాయి. మూడో పేరు,
ఈసారి చచ్చిపోయినాయన,
ఈ ఊరి బస్సు ఎన్నడూ ఎక్కని మనిషి.
నిచ్చెన అదే, డబ్బా అదే,
కింద బెండకాయలు పేర్చుకునే కొండమ్మ కేకా అదే:
రంగు చుక్కలు పడతన్నాయి, చూసి పుయ్యి!

ఇప్పుడు చెబితే ఎవరికి నష్టం?
మూడుసార్లూ మొత్తం రాశానని బిల్లు పెట్టాను.
మొత్తం రాయలేదు.
ముందున్న శ్రీ మీదికి సున్నం పోనివ్వలేదు,
చివరున్న గారి మీదికీ.
మొదటాయన శ్రీనే రెండో ఆయన పెట్టుకున్నాడు,
ఆ శ్రీనే మూడో ఆయనా.
ఆరు అక్షరాలు, తొంభై రూపాయలు.
నా జన్మలో చేసిన దొంగతనం అదొక్కటే.

జిల్లా మారినప్పుడు
కింది వరుసలో జిల్లా పేరు చెరిపి ఇంకోటి రాశాను.
దానికి మాత్రం ఎవరూ టెంకాయ కొట్టలేదు.

కిందటి వేసవిలో పొక్లెయిన్ వచ్చింది.
పాత మార్కెట్టూ, పక్కన ఎరువుల గోడౌనూ,
బాషా రేడియో షాపూ, గడియారాలు బాగుచేసే అరుగూ
కాగితం మీద కలిసి ఒకటే చదరం అయిపోయాయి.
నాలుగంతస్తులు, లిఫ్టు, కింద కార్లకు చోటు.
కొట్లున్న వాళ్ళకు లాటరీ తీశారు.
కొండమ్మది నేల. నేలకు నంబరు లేదు,
నంబరు లేనివాళ్ళకు చీటీ లేదు.
ముప్పై ఒక్క ఏళ్ళు కట్టిన ఆశీలు రశీదులు
ఉప్పు సంచిలో తెచ్చి కమిషనరు బల్ల మీద కుమ్మరించింది.
వాటి మీద మూడు పేర్లూ ఉన్నాయి.
ఆమె పేరుండాల్సిన చోట గీత ఉంది.

కొత్తదానికి పేరు రాయమని నన్ను పిలవలేదు.
విజయవాడ నుంచి లారీలో దిగాయి అక్షరాలు,
ఇత్తడి రంగు ప్లాస్టిక్, లోపల దీపాలు.
రాత్రయితే ఒత్తులు కూడా వెలుగుతాయి.
ఎవరి పేరంటారా,
తల ఎత్తితే మెడ నొప్పి, నేను చదవలేదు.
నన్ను పిలిచింది వెనక మెట్ల పక్కన
రెండు మాటలకు: స్త్రీలు, పురుషులు.
నా చేతి మీదుగా పోయినవాటిలో
ఏ సర్కారూ చెరపమననివి ఆ రెండే.
ఎందుకైనా మంచిదని నీడ కూడా వేశాను, ఊరికే.

కొండమ్మ ఇప్పుడు తోపుడు బండి మీద, ఏటీఎం ముందు.
పోలీసు తోలితే కదులుతుంది,
లేకపోతే చక్రం కింద రాయి పెడుతుంది.
మొన్న బెండకాయలకు వంగినప్పుడు చూశాను.
రాయి కాదది, ఆ గోడ పెచ్చు.
గుడిదీర్ఘం సగం విరిగింది,
కింద క్రారవడి మాత్రం నీడతో సహా చెక్కుచెదరలేదు.

ఏందయ్యా అట్టా చూస్తన్నావు, కావాల్నా? అంది.
వద్దులే, తీస్తే బండి జారుద్ది, అన్నాను.
అర కిలో తూచింది.
నాలుగు కాయలు ఎక్కువే వేసింది.